నైవాషానా, కజింగానా, కరీబానా: సరస్సు ఒడ్డున బృంద విడిదికి ఏది తగును?

పదిహేను ఇరవై మంది కలిసి నాలుగైదు రోజులు ఒక సరస్సు ఒడ్డున బస చేసి, రోజులో కొంత భాగం ధ్యానానికో, సంస్థ వ్యవహారాల చర్చకో, చాలాకాలానికి కలుసుకున్న బంధువుల ముచ్చట్లకో కేటాయించి, మిగిలిన వేళల్లో ఆఫ్రికా వన్యప్రాణులను చూడాలనుకునేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న 'ఎక్కడికి వెళ్తే ఎక్కువ జంతువులు కనబడతాయి' అన్నది. కేవలం సఫారీకి వెళ్లేవారికి అది సరైన ప్రశ్నే. విడిదికి వెళ్లే బృందం మాత్రం అంతకన్నా ముందు మరొకటి తేల్చుకోవాలి. ఆ చోట మనుషులు ఎంతసేపు వాహనంలో కూర్చోవలసి వస్తుంది, ఎంతసేపు నేల మీద నడవవచ్చు, ఎంతసేపు పడవలో గడపవచ్చు, గది ముందు కుర్చీ వేసుకొని నీటివైపు చూస్తూ కూర్చుంటే ఏమి కనబడుతుంది? ఆఫ్రికాలోని పేరున్న జాతీయ వనాల్లో చాలావరకు వాహనం దిగనివ్వరు. ఏడెనిమిది గంటలు మట్టిబాటల మీద జీపులో కుదుపులు తిన్న మనిషి సాయంత్రం గోష్ఠిలో కూర్చుని ఏమి వింటాడు, ఏమి మాట్లాడతాడు? అందుచేత ఇక్కడ సరస్సులను పోల్చేటప్పుడు జంతువుల జాబితా కన్నా కాళ్లకు దొరికే స్వేచ్ఛకే ఎక్కువ విలువ ఇచ్చాను.

ఆ లెక్కన ముందుగా చూడవలసినవి మూడు: కెన్యాలోని నైవాషా సరస్సు, ఉగాండాలో జార్జ్, ఎడ్వర్డ్ సరస్సులను కలిపే కజింగా కాలువ, జింబాబ్వే, జాంబియా దేశాల మధ్య పరచుకున్న కరీబా జలాశయం. నకూరు, మన్యారా, అకగేరా అనే మరో మూడు చోట్ల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది.

నైవాషా: నడవగలిగిన సరస్సు

నైరోబీకి వాయవ్యంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, తూర్పు ఆఫ్రికాను నిలువునా చీల్చిన రిఫ్ట్ లోయ అడుగున నైవాషా ఉంది. రోడ్డు రద్దీగా లేకపోతే రెండు గంటల ప్రయాణం. లోయ అడుగు అన్నంత మాత్రాన పల్లపు ప్రదేశమని అనుకోరాదు. సరస్సు సముద్రమట్టానికి 1,880 మీటర్లకు పైన ఉంది, అంటే మన హార్స్‌లీ హిల్స్ కన్నా ఎత్తు. తెల్లవారుజామున పడవ ఎక్కేవారికి స్వెట్టరు తప్పనిసరి. ముంబయి నుంచి నైరోబీకి నేరుగా విమానం ఉండటం, అక్కడి నుంచి మరో చిన్న విమానం ఎక్కవలసిన పని లేకపోవడం పెద్ద బృందానికి ఎంత ఊరటో, ఇరవై మంది సామాను ఒకసారి లెక్కపెట్టినవారికి తెలుస్తుంది.

ఈ సరస్సు తీరంలో చాలా భాగం జాతీయ వనం పరిధిలోకి రాదు. విడిది దృష్టితో చూస్తే దీని అసలు బలం అదే. పసుపురంగు బెరడు గల పొడవాటి తుమ్మచెట్ల కింద విడుదులు ఉంటాయి. వాటి పచ్చిక మీదికి జీబ్రాలు, నీటి ఒడ్డున తిరిగే వాటర్‌బక్ జింకలు తమంతట తామే వచ్చి మేస్తాయి. కొన్నిచోట్ల జిరాఫీలు కూడా చెట్ల మధ్య నుంచి తల ఎత్తి చూస్తాయి. అంటే గోష్ఠి మధ్యలో టీ కోసం బయటికి వచ్చినవారికి కూడా కప్పు చేతిలో ఉండగానే సఫారీ దొరుకుతుంది. క్రెసెంట్ ఐలాండ్ అనే ప్రైవేటు సంరక్షణ క్షేత్రానికి వెళ్తే ఇది ఇంకా బాగా అనుభవంలోకి వస్తుంది. మునిగిపోయిన అగ్నిపర్వత బిలం అంచు నీటి పైకి అర్ధచంద్రాకారంలో మిగిలితే ఏర్పడిన నేల అది. నీటిమట్టాన్ని బట్టి ఒకప్పుడు ద్వీపంగా, ఒకప్పుడు ద్వీపకల్పంగా ఉంటుంది. అక్కడ సింహాలు లేవు. అందువల్ల గైడు వెంట జిరాఫీల మధ్య, వైల్డ్‌బీస్ట్‌ల మధ్య కాలినడకన తిరగవచ్చు. వాహనం కిటికీలోంచి చూసిన జిరాఫీ వేరు, అదే నేల మీద నిలబడి తల వెనక్కి వంచి చూసిన జిరాఫీ వేరు.

పడవ ప్రయాణంలో పాపిరస్ జమ్ము పొదలు, నీటికాకులు, గూడబాతులు, లకుముకి పిట్టలు, అన్నిటికీ మించి తెల్లటి తల గల ఆఫ్రికా చేపగద్ద కనబడతాయి. ఒక మాట ఇక్కడ చెప్పక తప్పదు. పర్యాటకుల ఫొటోల కోసం కొందరు పడవవారు ఈలవేసి గద్దను పిలిచి నీటి మీదికి చేపను విసురుతారు. ఫొటో బాగానే వస్తుంది గాని, విసిరిన చేపకు అలవాటుపడిన గద్దను చూడటానికి అంత దూరం వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం. బృందం తరఫున ముందే వద్దని చెప్పవచ్చు, వాళ్లు ఏమీ అనుకోరు.

నైవాషాకు దగ్గరలోనే ఉన్న హెల్స్ గేట్ జాతీయ వనాన్ని 1984లో ఏర్పాటు చేశారు. సైకిలు మీద, కాలినడకన తిరగనిచ్చే అరుదైన వనాల్లో ఇది ఒకటి. ఎర్రటి కొండగోడల మధ్య జీబ్రాలు, గజెల్ జింకలు, అడవిపందులు పక్కన మేస్తుంటే సైకిలు తొక్కుకుంటూ పోవడం యువకులున్న బృందానికి మరచిపోలేని ఉదయం అవుతుంది. అయితే లోపలి ఇరుకు కనుమలోకి దిగడం వానాకాలంలో ప్రాణాంతకం. ఎక్కడో పైన కురిసిన వాన నిమిషాల్లో వరదగా వచ్చి పడుతుంది. 2012లోను, 2019లోను విహారానికి వచ్చినవారు అలాగే కొట్టుకుపోయారు. ఆకాశం మబ్బుపట్టిన రోజున గైడు 'ఏం ఫరవాలేదు' అన్నా కనుమలోకి దిగకపోవడమే మంచిది.

లోపాలు కూడా చెప్పాలి. నైవాషా చుట్టూ గులాబీ తోటల ప్లాస్టిక్ షెడ్లు కిలోమీటర్ల తరబడి కనబడతాయి. వారాంతాల్లో నైరోబీ నుంచి జనం వచ్చి పడతారు. ఒడ్డు మీద సింహాలు, ఏనుగులు కనబడవు. మనుషుల జాడ లేని అడవిని ఊహించుకొని వెళ్లినవారికి ఇది నలుగురూ బతుకుతున్న సరస్సుగానే కనిపిస్తుంది. సింహం చూడనిదే ఆఫ్రికా వెళ్లినట్టు కాదనుకునేవారు బృందంలో తప్పకుండా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వారి కోసం ఒక రోజు నకూరుకు వెళ్లి రావడం సరైన మార్గం.

నకూరు సరస్సు చుట్టూ ఉన్న 188 చదరపు కిలోమీటర్ల వనానికి కంచె ఉంది. లోపల తెల్ల, నల్ల ఖడ్గమృగాలు రెండూ ఉన్నాయి, సింహాలున్నాయి, ఏనుగులు మాత్రం లేవు. ఒకప్పుడు ఈ సరస్సు గులాబీ రంగు ఫ్లెమింగోలకు ప్రసిద్ధి. గత దశాబ్దంలో రిఫ్ట్ లోయ సరస్సుల్లో నీటిమట్టం విపరీతంగా పెరిగింది. నకూరులో ఉప్పదనం పలచబడి, ఆ పక్షులు తినే నాచు తగ్గడంతో చాలా భాగం ఉత్తరాన ఉన్న బొగోరియా సరస్సుకు తరలిపోయాయి. సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగ రోజుల్లో పులికాట్‌లో పక్షుల గుంపులను చూసినవారు నకూరులో అంతకన్నా పెద్ద గుంపును ఆశించి నిరాశపడకూడదు. పైగా మన పులికాట్‌కు వచ్చేవి ప్రధానంగా పెద్ద ఫ్లెమింగోలు, రిఫ్ట్ లోయలోని గుంపుల్లో అధికభాగం చిన్న జాతివి. నకూరుకు ఖడ్గమృగాల కోసం వెళ్లండి, ఫ్లెమింగోలు కనబడితే అదనపు లాభం అనుకోండి.

కజింగా కాలువ: కూర్చున్నచోటికే గుంపులు

బృందంలో పెద్దవయసువారు, మోకాళ్ల నొప్పులవారు ఎక్కువగా ఉంటే నా మొదటి ఎంపిక మారుతుంది. ఉగాండా పశ్చిమ భాగంలోని క్వీన్ ఎలిజబెత్ జాతీయ వనంలో జార్జ్ సరస్సు నుంచి ఎడ్వర్డ్ సరస్సుకు సుమారు 32 కిలోమీటర్ల పొడవున సహజసిద్ధమైన కాలువ ఒకటి ఉంది. 1952లో ఈ వనాన్ని ఏర్పాటు చేసినప్పుడు దానికి కజింగా పేరే పెట్టారు. రెండేళ్ల తరువాత బ్రిటిష్ రాణి వచ్చి వెళ్లాక పేరు మార్చారు. కాలువ ఎడ్వర్డ్ సరస్సులో కలిసే చోట ఉన్న మ్వేయా ద్వీపకల్పం మీద బస చేస్తే ఒకవైపు కాలువ, మరొకవైపు సరస్సు కనబడతాయి.

రెండు గంటల పడవ ప్రయాణంలో నీటిగుర్రాల గుంపులు, ఒడ్డు బురదలో పడుకున్న అడవిదున్నలు, మొసళ్లు, మధ్యాహ్నం ఎండకు నీళ్లు తాగడానికి దిగే ఏనుగులు కొద్ది మీటర్ల దూరంలోనే కనబడతాయి. ఈ వనంలో 600కు పైగా పక్షిజాతులు నమోదయ్యాయి. పెద్ద పడవలు దొరుకుతాయి కాబట్టి బృందం మొత్తం ఒకే పడవలో కూర్చుంటుంది, అందరూ ఒకే దృశ్యాన్ని ఒకేసారి చూస్తారు. రాత్రి భోజనం దగ్గర ఆ అనుభవం గురించి అందరూ మాట్లాడుకోగలరు. మూడు జీపుల్లో విడిపోయిన బృందంలో ఒక జీపు సింహాన్ని చూసి, మిగిలిన రెండు చూడకపోతే ఆ సాయంత్రం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఉదయం పడవ కన్నా మధ్యాహ్నం పడవే మేలు, ఏనుగులు ఎండ ముదిరాకే దిగుతాయి.

ఇబ్బంది అంతా దారిలోనే ఉంది. ఎంటెబ్బె విమానాశ్రయం నుంచి రోడ్డు మీద దాదాపు రోజంతా ప్రయాణం. ఆరు రోజుల కన్నా తక్కువ సమయం ఉన్న బృందం ఈ కాలువను పెట్టుకోరాదు, రెండు రోజులు రోడ్డుకే పోతాయి. మలేరియా భయం నైవాషా కన్నా ఇక్కడ ఎక్కువ. ఇది జాతీయ వనం కాబట్టి విడిది ఆవరణ దాటి ఒంటరిగా నడవడం కుదరదు. ఆవరణలోకే అడవిపందులు, ముంగిసలు వస్తుంటాయి గనుక ఆ లోటు అంతగా తెలియదు. శాకాహారులకు ఒక మంచి మాట: తూర్పు ఆఫ్రికా అంతటా చపాతీ వాళ్ల సొంత వంటకమే అయిపోయింది, చిక్కుడు గింజల కూర ఎక్కడైనా దొరుకుతుంది, ఉగాండాలో ఉడికించిన అరటికాయ మటోకె రోజువారీ తిండి. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలీని చూస్తే రాయలసీమవారికి సంకటి గుర్తుకు రాక మానదు, రుచి మాత్రం రాగి సంకటి దరిదాపుల్లోకి రాదు.

కరీబా: నీటి మీదే విడిది

మూడోది పూర్తిగా వేరే తరహా. జాంబెజీ నది మీద 1959లో పూర్తయిన ఆనకట్ట వెనక ఏర్పడిన కరీబా జలాశయం, నిలవ చేయగల నీటి పరిమాణంలో, మనుషులు కట్టిన జలాశయాలన్నిటిలోకి పెద్దది. నీరు ఎక్కుతున్నకొద్దీ గుట్టలు ద్వీపాలుగా మిగిలిపోయి, వాటి మీద చిక్కుకుపోయిన జంతువులను పడవల మీద తరలించిన 'ఆపరేషన్ నోవా' 1958లో మొదలై కొన్నేళ్లపాటు సాగింది. సుమారు ఆరు వేల జంతువులను రక్షించారు, వాటిలో చాలావాటిని దక్షిణ తీరంలో ఇప్పుడు మటుసడోనా జాతీయ వనంగా ఉన్న నేల మీద వదిలారు. అదే ముంపులో తమ నదీతీరాన్ని పోగొట్టుకున్న టోంగా ప్రజలు వేల సంఖ్యలో ఉన్నారు. జంతువుల తరలింపుకు దొరికినంత పేరు వారి తరలింపుకు దొరకలేదు. పడవలో గైడు చెప్పే కథలో ఈ రెండో సగం సాధారణంగా ఉండదు, అడిగి చెప్పించుకోవాలి.

కరీబాలో బృందాలు హౌస్‌బోటు తీసుకుంటాయి. నావికుడు, వంటమనిషి, పైన కప్పు మీద పడకలు, వెనక కట్టిన ఒకటి రెండు చిన్న పడవలు ఉంటాయి. ఉదయం చిన్న పడవలో ఒడ్డు వెంట వెళ్లి జంతువులను చూడటం, ఎండవేళ పెద్ద పడవ నీడలో గోష్ఠి, సాయంత్రం మళ్లీ చిన్న పడవ, రాత్రి ఏదో ఒక పాయలో లంగరు. నీరు తగ్గిన ఒడ్డున మొలిచే గడ్డి కోసం ఎండాకాలంలో ఏనుగులు, అడవిదున్నలు నీటి అంచుకే వస్తాయి. మునిగి, ఎండి, ఇంకా నిలబడే ఉన్న చెట్ల మోడుల మీద చేపగద్దలు, నీటికాకులు వాలి ఉంటాయి. సాయంకాలపు వెలుగులో ఆ మోడుల వరస చూడటానికే కరీబా వెళ్లవచ్చునని నేనంటాను. చాలాచోట్ల ఫోను పనిచేయదు. మౌనం పాటించే ధ్యాన బృందానికి అది వరం, రోజూ ఆఫీసుకు మెయిలు పంపవలసినవారికి శాపం.

హౌస్‌బోట్లలో చాలావాటికి సరుకులు మనమే కొనుక్కొని ఎక్కాలి, వంట వాళ్లు చేసిపెడతారు. మన బృందాలకు ఇది కలిసివచ్చే ఏర్పాటు. కందిపప్పు, చింతపండు, పచ్చళ్లు వెంట తీసుకువెళ్లి వంటమనిషికి ఒక్క పూట చూపిస్తే చాలు. కాని నాలుగు రోజులపాటు పడవే ప్రపంచం అవుతుంది. ఒకరితో ఒకరికి సరిపడని బృందాన్ని హౌస్‌బోటు ఎక్కించకూడదు, లేచి నడిచి పోవడానికి చోటు ఉండదు. చిన్నపిల్లలున్న కుటుంబాలకు కూడా ఇది తగదు, నీళ్లలో మొసళ్లున్నాయి, పడవకు ఉండే కటకటాలు పిల్లల కోసం కట్టినవి కావు. హరారే నుంచి కరీబా పట్టణానికి రోడ్డు దూరం 360 కిలోమీటర్లకు పైనే కాబట్టి ప్రయాణం కూడా తేలిక కాదు.

మిగిలినవి రెండు మాటల్లో

టాంజానియాలోని మన్యారా సరస్సు పేరు ప్రతి జాబితాలోనూ ఉంటుంది. చెట్లెక్కే సింహాలకు, బబూన్ కోతుల గుంపులకు, భూగర్భజలంతో పెరిగిన దట్టమైన అడవికి అది చూడదగినదే. కాని అక్కడి విడుదుల్లో ఎక్కువ భాగం రిఫ్ట్ లోయ గోడ పైన ఉంటాయి, సరస్సు చాలా దిగువన వెండిరేకులా కనబడుతుంది. ఎంగోరోంగోరో వెళ్లే దారిలో ఒక రోజు ఆగడానికి బాగుంటుంది, సరస్సు ఒడ్డు విడిది అనిపించుకోదు. రువాండాలోని అకగేరా వనంలో ఇహేమా సరస్సు ఒడ్డున చిన్న బృందానికి గుడారాల బస బాగా కుదురుతుంది. కిగాలీ నుంచి రెండున్నర గంటల ప్రయాణం చాలు. 1990ల తరువాత దాదాపు ఖాళీ అయిన ఆ వనానికి 2015లో సింహాలను, 2017లో నల్ల ఖడ్గమృగాలను మళ్లీ తెచ్చి వదిలారు. పది పన్నెండు మందికి, మూడు రోజులకు అయితే నైవాషాతో సమానంగా దీన్నీ ఆలోచించవచ్చు.

సెలవులు, వానలు, వేళలు

మన సెలవులకు, అక్కడి వానలకు పొత్తు కుదరదు. మన వేసవి సెలవులైన ఏప్రిల్, మే నెలలు కెన్యాలో పెద్ద వానల కాలం, ఉగాండాలోనూ వానలే. గదులు చవకగా దొరుకుతాయి గాని మట్టిదారులు బురదవుతాయి. సంక్రాంతి తరువాత జనవరి చివర, ఫిబ్రవరి నెలలు నైవాషాకు, కజింగాకు చక్కగా కుదురుతాయి. కరీబాకు లెక్క వేరు. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి, మే నుంచి పొడి కాలం మొదలవుతుంది, ఆగస్టు, సెప్టెంబరుల్లో జంతువులు ఒడ్డుకు బాగా చేరతాయి, అక్టోబరులో ఎండ భరించడం కష్టం. కాబట్టి దసరా సెలవుల్లోనే వెళ్లగలిగినవారు కరీబాను పక్కనపెట్టి నైవాషా వైపు మొగ్గాలి. వేసవిలోనే వెళ్లగలిగినవారు మే చివరి వారాన్ని కరీబాకు వాడుకోవచ్చు, గడ్డి ఇంకా పొడవుగా ఉన్నా ఆకాశం నిర్మలంగా ఉంటుంది.

దినచర్య కూర్చేవారు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉంది. తెల్లవారుజాము ప్రశాంతంగా ఉంటుందని ధ్యానాన్నీ యోగాసనాలనూ ఆ వేళకు పెట్టి, ఫలహారం ముగించి పదింటికి సఫారీకి బయలుదేరతారు. అప్పటికి జంతువులు నీడపట్టున పడుకొని ఉంటాయి. నైవాషా, కజింగా రెండూ భూమధ్యరేఖకు ఆనుకొని ఉన్నందున ఏడాది పొడవునా పగలు పన్నెండు గంటలే, సంధ్య త్వరగా ముగుస్తుంది. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా సమయాన్ని జంతువులకు వదిలిపెట్టి, మధ్యలోని ఐదారు గంటలను గోష్ఠికి తీసుకోవాలి. కజింగాలో మధ్యాహ్నపు పడవ రోజున మాత్రం ఈ క్రమాన్ని తిరగవేయవచ్చు.

సంఖ్య విషయం. సఫారీ జీపులో ఆరుగురికి మించి కిటికీ దగ్గర చోటు దొరకదు, నైవాషా మోటారు పడవలూ అదే కొలతలో ఉంటాయి. పద్దెనిమిది మంది అంటే మూడు జీపులు, మూడు పడవలు. పంతొమ్మిదో మనిషి చేరితే నాలుగోది కట్టించాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది. బైనాక్యులర్లు ఇద్దరికి ఒకటి చొప్పున లేకపోతే పక్షులు చూసే ఉదయాలు తగాదాతో ముగుస్తాయి.

ఆరోగ్యం గురించి మూడు ముఖ్యమైన విషయాలున్నాయి. కెన్యా, ఉగాండాలకు వెళ్లి వచ్చేవారికి ఎల్లో ఫీవర్ టీకా పత్రం ఉండాలి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకోవాలి. పత్రం లేకుండా తిరిగివచ్చినవారిని మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో ఈ టీకా వేస్తారు. మలేరియా మాత్రల గురించి వైద్యుణ్ణి అడిగే తీరాలి, నైవాషా ఎత్తులో ఉందని మానేయకూడదు. ఇక సరస్సులో ఈత అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. మొసలి లేని చోట నీటిగుర్రం ఉంటుంది, ఆ రెండూ కనబడని చోట నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా వ్యాధి క్రిములు ఉండవచ్చు.

నీటిగుర్రం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే సరస్సు ఒడ్డు విడిదిలో అది మన పొరుగు. పగలంతా నీళ్లలో మునిగి, చీకటి పడ్డాక ఒడ్డెక్కి, రాత్రికి సుమారు 40 కిలోల గడ్డి మేస్తుంది. ఆ మేత మన గదుల ముందరి పచ్చిక మీదే. దానికీ నీటికీ మధ్య మనిషి అడ్డుగా నిలబడితే అది తప్పుకొని పోదు, మనిషి కన్నా వేగంగా పరుగెత్తి మీదికి వస్తుంది. అందుకే రాత్రి భోజనశాల నుంచి గదికి వెళ్లడానికి టార్చిలైటు పట్టుకున్న కాపలాదారు, అక్కడివారు ఆస్కారి అంటారు, వెంట వస్తాడు. ఇరవై మంది ఇరవై వేళల్లో గదులకు బయలుదేరితే ఇద్దరు ఆస్కారీలు సరిపోరు. గదులు కేటాయించేటప్పుడే పెద్దవాళ్లకు, పిల్లలున్నవారికి భోజనశాలకు దగ్గర గదులు ఇచ్చి, నీటి అంచు గదులను జంటలకు, స్నేహితులకు ఇచ్చి, తొమ్మిదిన్నరకు అందరూ గుంపుగా బయలుదేరేలా మొదటి రాత్రే అనుకోవాలి. ఆ తరువాత కిటికీ తెర తీసి చూస్తే, వెన్నెల్లో గడ్డి పరపరా తెంపుతున్న ఆ భారీ నల్లటి ఆకారం పక్కమీది నుంచే కనబడుతుంది.